పొలం బండి రోడ్డెక్కితే

ట్రాక్టరు గంటకు పాతిక, ముప్పై కిలోమీటర్లకు మించి పోదు. వరి కోత మిషను ఇంకా నెమ్మది. అంత నెమ్మదిగా నడిచే బండి ప్రాణాల మీదికి ఎలా తెస్తుంది? విజయవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీదా, పామర్రులో చీలి గుడివాడ, కైకలూరు వైపు సాగే 165వ నంబరు రోడ్డు మీదా కోతల కాలంలో తిరిగేవారికి ఈ ప్రశ్న తప్పక తడుతుంది.

పొలానికి కావలసిన గుణాలు వేరు, రోడ్డుకు కావలసిన గుణాలు వేరు. జవాబంతా అక్కడే ఉంది. కోత మిషను వెడల్పుగా ఉంటే ఒక్క చాలులో ఎక్కువ చేను కోస్తుంది. ట్రాక్టరు ఎత్తుగా ఉంటే దాని అడుగు భాగం బురదకు ఆనదు. ఇనుప చక్రాలు దమ్ములో పట్టు ఇస్తాయి. కుడి ఎడమ చక్రాలకు విడివిడిగా బ్రేకులుంటే గట్టు దగ్గర చిన్న జాగాలోనే బండి తిరుగుతుంది. పొలంలో మెచ్చుకునే ఈ గుణాలన్నీ తారు రోడ్డు ఎక్కగానే దోషాలుగా మారతాయి. ప్రకాశం బ్యారేజీ కింద కృష్ణా డెల్టా తూర్పు, పడమర కాలువల ఆయకట్టు కలిపి సుమారు 13 లక్షల ఎకరాలు. అంత మాగాణిలో ఒక ఊరి చేను కోసిన మిషను మరో ఊరికి పోవాలంటే రోడ్డు తప్ప దారి లేదు.

వేగాల మధ్య తేడా

కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. ముందు ధాన్యం ట్రక్కుతో ట్రాక్టరు 25 కిలోమీటర్ల వేగంతో పోతోంది. రెండింటి మధ్య తేడా 55 కిలోమీటర్లు. అంటే సెకనుకు 15 మీటర్ల చొప్పున కారు ట్రాక్టరును సమీపిస్తుంది. దీన్ని ‘దగ్గరయ్యే వేగం’ అనవచ్చు. వెనకనుంచి గుద్దే ప్రమాదాల్లో రెండు బండ్ల వేగాలను విడివిడిగా చూస్తే ఏమీ తెలియదు. లెక్కలోకి వచ్చేది ఈ తేడానే.

ఇక్కడ మనిషి కంటికి ఒక పరిమితి ఉంది. ముందున్న వస్తువు దగ్గరవుతోందని కన్ను గ్రహించేది దాని ఆకారం పెరుగుతున్న తీరును బట్టి. దూరాన ఉన్నప్పుడు ఆ పెరుగుదల చాలా స్వల్పం. రెండు మీటర్ల వెడల్పున్న ట్రక్కు సెకనుకు 15 మీటర్ల చొప్పున దగ్గరవుతుంటే, దూరం సుమారు 100 మీటర్లకు తగ్గేదాకా ఆ తేడా కంటికి స్పష్టంగా ఆనదు. అప్పటిదాకా వెనక డ్రైవరు ముందు బండి కూడా తనలాగే పోతోందనుకుంటాడు. తెలిసేసరికి చేతిలో మిగిలేది ఆరేడు సెకన్లు. పట్టపగలు, ధ్యాస రోడ్డు మీదే ఉంటే ఆ వ్యవధి చాలు. ఫోను మోగినా, ఎదురుగా బస్సు వస్తున్నా చాలకపోవచ్చు.

రాత్రివేళ లెక్క పూర్తిగా మారుతుంది. హెడ్‌లైటు దించి నడిపినప్పుడు మట్టి కొట్టుకుపోయిన, లైటు లేని ట్రక్కు కనిపించేది 50 మీటర్ల దూరంలోనే అనుకుందాం. ప్రమాదాన్ని గుర్తించి కాలు బ్రేకు మీదికి పోవడానికి దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ లోపే 23 మీటర్లు తరిగిపోతాయి. గట్టిగా బ్రేకు వేసి ట్రాక్టరు వేగానికి తగ్గడానికి ఇంకో 17 మీటర్లు. మొత్తం 40. రోడ్డు పొడిగా ఉండి, బ్రేకులు బాగుండి, డ్రైవరు చురుకుగా ఉంటే పది మీటర్ల తేడాతో గండం గడుస్తుంది. అదే ట్రక్కు పంచరై రోడ్డు మీద ఆగి ఉంటే కారు పూర్తిగా ఆగాలి. అందుకు 68 మీటర్లు కావాలి. కనిపించే దూరం 50. ఇక డ్రైవరు నైపుణ్యం పనికిరాదు.

డెల్టాలో ఈ బండ్లు చీకట్లోనే ఎక్కువగా రోడ్డెక్కడానికి కారణముంది. మార్గశిరంలో తెల్లవారుజామున మంచు కురిసి వరి వెన్ను తడిసి ఉంటుంది. తడి కంకిని మిషను సరిగ్గా నూర్చలేదు. అందుకని ఎండ కాస్త ముదిరాకే కోత మొదలవుతుంది, పొద్దుగూకేదాకా సాగుతుంది. ఆ తర్వాతే మిషను మరో ఊరికి, ధాన్యం ట్రక్కు మిల్లుకు బయల్దేరతాయి. డిసెంబరులో సాయంత్రం ఆరు గంటలకల్లా చీకటి పడుతుంది.

చీకట్లో బండి కనిపించకపోవడానికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. రైతులు ‘రేడియం స్టిక్కరు’ అని పిలుచుకునే ఎర్ర పట్టీలో రేడియం ఉండదు. అందులో ఉండేవి సన్నటి గాజుపూసలు లేదా పలకలు తీర్చిన అతి చిన్న పట్టకాలు. మామూలు తెల్ల రంగు తన మీద పడిన వెలుగును అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది. ఈ పట్టీ మాత్రం వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. కారు హెడ్‌లైటు కాంతి మళ్లీ కారు వైపే, అంటే డ్రైవరు కంటివైపే వస్తుంది. ఈ ‘తిరుగు వెలుగు’ వల్ల 50 మీటర్లలో కనిపించే ట్రక్కు 200 మీటర్ల ఆవలినుంచే మెరుస్తుంది. 1960ల తొలినాళ్లలో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వ్యవసాయ ఇంజినీర్లు ఈ సూత్రంతోనే నెమ్మది బండ్లకు ఒక త్రికోణపు గుర్తు తయారుచేశారు. మధ్యలో నారింజ రంగు పగటి వెలుగులో దూరానికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది, చుట్టూ ఉన్న ఎర్ర అంచు రాత్రి లైట్లకు మెరుస్తుంది. ఆ గుర్తు ఇవాళ చాలా దేశాల్లో కనిపిస్తుంది. అయితే పట్టీ మీద వేలెడు మందాన బురద ఉంటే గాజుపూసలు ఏమీ చేయలేవు. చేలోంచి రోడ్డెక్కే ముందు తడిగుడ్డతో వెనక భాగాన్ని తుడవడం ఇంజనాయిలు చూసుకోవడమంత ముఖ్యమైన పని.

రోడ్డు కంటే వెడల్పయిన మిషను

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రోడ్డు మీద తిరిగే వాహనం వెడల్పు సాధారణంగా 2.6 మీటర్లు మించకూడదు. పంజాబ్‌లో తయారై ఇక్కడిదాకా వచ్చే పెద్ద టైరు మిషనుకు ముందుండే కట్టరు బారు దాదాపు 14 అడుగులు, అంటే 4.3 మీటర్ల ప్రాంతం. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లె రోడ్డుకు తారు వెడల్పు 3.75 మీటర్లు, రద్దీ తక్కువ చోట 3 మీటర్లే. కట్టరు బారుతో సహా మిషను రోడ్డెక్కితే రెండు పక్కలా తారు దాటి బయటికి చొచ్చుకొస్తుంది. ఎదురుగా వచ్చే స్కూటరుకు మిగిలే జాగా సున్నా కంటే తక్కువ.

అదీ రోడ్డంతా ఖాళీగా ఉన్నప్పటి మాట. కోతల కాలంలో డెల్టా రోడ్డు ఖాళీగా ఉండదు. మిషను కోసిన ధాన్యంలో తేమ ఎక్కువ. కొనుగోలుకు 17 శాతం లోపు ఉండాలి కనుక ఆరబెట్టక తప్పదు. అంతమంది రైతులకు కళ్లాలు ఎక్కడివి? తారు రోడ్డే కళ్లం అవుతుంది. సగం రోడ్డు మీద ధాన్యం, దాని అంచున కాపలాగా రాళ్లు, రాత్రయితే పైన పరిచిన పరదాలు. చేతి కోత పోయి మిషను కోత వచ్చాక ఒకపక్క రోడ్డు మీద తిరిగే యంత్రం వెడల్పు పెరిగింది, మరోపక్క అదే యంత్రం పుణ్యాన రోడ్డు వెడల్పు తరిగింది. ఈ రెండు మార్పులూ ఒకే నెలలో కలుసుకోవడం డెల్టా ప్రత్యేక సమస్య. ఊరూరా ఆరబోత కళ్లాలు కట్టడాన్ని రైతు సౌకర్యంగానే చూస్తున్నారు గానీ, అది రోడ్డు భద్రత పని కూడా.

కట్టరు బారు విప్పి, ట్రాలీ మీద పొడవు వాటుగా పెట్టి, మిషను వెనక తగిలించుకుని పోవడం సరైన పద్ధతి. ఆ పని జరిగే తీరు ఇది. మిషనును చదునైన చోట ఆపి, కట్టరును ట్రాలీ మీదికి నెమ్మదిగా దించుతారు. ఇంజను ఆపి తాళంచెవి తీసి జేబులో వేసుకుంటారు. ఇది ఆచారం కోసం చేసేది కాదు. కత్తుల దగ్గర మనిషి చేయి ఉన్నప్పుడు పైన ఇంకొకరు ఇంజను తిప్పకుండా ఉండడానికి. తర్వాత కట్టరుకు బలం అందించే గొలుసు విప్పుతారు, ఆయిలు గొట్టాలు ఊడదీసి కొనలకు మట్టి అంటకుండా మూతలు పెడతారు, చివరికి రెండు పక్కల పిన్నులు లాగుతారు. డ్రైవరు మిషనును అడుగడుగుగా వెనక్కి తీస్తే కట్టరు ట్రాలీ మీద మిగిలిపోతుంది. దాన్ని గొలుసులతో బిగించి, కత్తుల వరస మీద గోనెపట్టా చుట్టి, వెనక చివర ఎర్రగుడ్డ, రేడియం పట్టీ కట్టాలి. అలవాటైన ఇద్దరికి అరగంట, ముప్పావుగంట పని. 4.3 మీటర్ల బండి దీంతో మూడు మీటర్ల లోపుకు వస్తుంది.

మిషను తిరిగే తీరు కూడా కారు డ్రైవరు ఊహించేలా ఉండదు. కారుకు ముందు చక్రాలు తిరుగుతాయి, కోత మిషనుకు వెనక చక్రాలు తిరుగుతాయి. చేలో మూల తిరగడానికి అది అనువు. రోడ్డు మీద మిషను ఎడమకు మళ్లితే దాని వెనక భాగం కుడికి విసురుగా జరుగుతుంది. ఎడమకు పోతోంది కదా అని కుడివైపు నుంచి దాటబోయిన మోటారు సైకిలుకు ఆ వెనక భాగమే తగులుతుంది. ఇంకో సంగతి. బరువంతా ముందు చక్రాల మీద ఉన్న ఈ బండికి గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు తేలిపోతాయి. తిప్పే చక్రాలు అవే కనుక స్టీరింగు పట్టు తప్పుతుంది. పైనున్న ధాన్యం తొట్టి నిండుగా ఉంటే బరువు మరీ ఎత్తుకు చేరి అస్థిరత పెరుగుతుంది. తొట్టి ఖాళీ చేయకుండా, ధాన్యం దించే గొట్టాన్ని మడవకుండా రోడ్డెక్కకూడదనడానికి ఇదే కారణం.

డెల్టా మాగాణుల్లో ఎక్కువ చోట్ల కనిపించే చైను మిషనుది వేరే కథ. వరి కోతకు కొద్ది రోజుల ముందే తడి చేలో మినుము చల్లే అలవాటు ఇక్కడిది. పెద్ద టైర్లు తొక్కితే ఆ మొలక నలిగిపోతుంది. మూడు టన్నుల ప్రాంతంలో బరువుండే చైను మిషను ఆ భారాన్ని రెండు వెడల్పాటి రబ్బరు పట్టాల మీద పంచుతుంది. నేల మీద పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు పావు కిలో దరిదాపు. మనిషి ఒంటికాలి మీద నిలబడినప్పుడు పడేదానికంటే తక్కువ. చేనుకు ఇంత మేలైన ఈ పట్టాలు తారు మీద అరిగిపోతాయి, మలుపులో తారును గీరేస్తాయి. అందుకని దూరాభారం పోవాలంటే లారీ మీదికి ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు ర్యాంపు పలకల మధ్య స్టీరింగు తిప్పకూడదు. చైను మిషను మళ్లేది ఒకవైపు పట్టా ఆపి రెండోవైపు నడిపే పద్ధతిలో కాబట్టి, ఆ తోపుకు పలక పక్కకు జరిగి మిషను దొర్లుతుంది. ఎక్కాక నాలుగు మూలలా గొలుసులతో బిగించాలి.

కృష్ణ దాటడం ఇంకో చిక్కు. ప్రకాశం బ్యారేజీ మీద భారీ వాహనాలను పోనివ్వరు. తూర్పు డెల్టా నుంచి తెనాలి, రేపల్లె వైపు పోవాలంటే విజయవాడ దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీది కనకదుర్గ వారధి గానీ, దిగువన పులిగడ్డ-పెనుమూడి వారధి గానీ గతి. మొదటిది పగలూ రాత్రీ రద్దీగా ఉండే దారి. నగరం మీదుగా మిషనును సొంత చక్రాల మీద నడిపించడం కంటే లారీ మీద ఎక్కించి దాటించడం అందరికీ మేలు.

ఇనుప చక్రాల దెబ్బ

ఆషాఢ, శ్రావణ మాసాల్లో దమ్ము చేసే ట్రాక్టర్లకు తొడిగే ఇనుప చక్రాల (కేజ్ వీల్స్) వల్ల కలిగే నష్టం నెమ్మదిగా బయటపడుతుంది. ట్రాక్టరు బరువు రెండు టన్నులనుకుంటే అందులో దాదాపు 1,300 కిలోలు వెనక ఇరుసు మీద పడుతుంది. ఒక్కో పక్కకు 650 కిలోలు. రబ్బరు టైరు రోడ్డును తాకే మేర సుమారు 600 చదరపు సెంటీమీటర్లు, కనుక ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. ఇనుప చక్రం బురదలో దిగబడి నాలుగైదు పట్టెలతో నేలను పట్టుకుంటుంది. తారు మీద దిగబడదు. ఒక పట్టె అంచు మాత్రమే ఆనుతుంది. అది ఇరవై చదరపు సెంటీమీటర్లు ఉంటుందేమో. అంటే ఒత్తిడి ముప్పై రెట్లు. పైగా పట్టె తర్వాత పట్టె దబదబా గుద్దుకుంటూ పోతుంది.

పల్లె రోడ్డు మీద తారు కంకర పొర మందం చాలా చోట్ల 20 మిల్లీమీటర్లే. ఇనుప పట్టె దాన్ని చీల్చగానే వాననీరు లోపలికి దిగుతుంది. కింద ఉన్నది నల్లరేగడి. నీరు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఒక్క వానాకాలం తిరిగేసరికి గంటు గుంట అవుతుంది. ఆ గుంట తప్పించబోయి మరుసటి ఏడు స్కూటరు పడిపోతే దానికీ దమ్ము ట్రాక్టరుకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. ప్రజల ఆస్తులకు నష్టం కలిగించడాన్ని అరికట్టే 1984 నాటి చట్టం కింద కేసు పెట్టే వీలుంది. కేసుల కంటే ముందు చేయగలిగింది ఉంది. ఇనుప చక్రాలను ట్రక్కులో వేసుకుపోయి చేను గట్టు మీద తొడుక్కోవడం, పని అయ్యాక అక్కడే విప్పడం. టైరు పక్కన బిగించే సగం చక్రాలు రోడ్డుకు ఆనకుండా తేలి ఉంటాయి కాబట్టి ఫరవాలేదని కొందరంటారు. గతుకుల్లో, రోడ్డు వాలుల్లో అవీ ఆనుతాయి. పైగా ట్రాక్టరుకు రెండు పక్కలా అడుగు చొప్పున వాడి ఇనుము పొడుచుకొచ్చి, పక్కనుంచి పోయేవారి మోకాళ్ల ఎత్తులో తిరుగుతుంటుంది.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1958-60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన ఒక పెద్ద రోడ్డు పరీక్షలో తేలిందేమిటంటే, ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం పదహారు రెట్ల దాకా పెరుగుతుంది. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే ట్రక్కుల్లో, మిల్లులకు పోయే ధాన్యం ట్రక్కుల్లో అధిక బరువును ఈ లెక్కతోనే చూడాలి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000 చొప్పున జరిమానా పెట్టింది. సరుకు పక్కలకు గానీ, వెనక్కి గానీ, పైకి గానీ హద్దు మీరి పొడుచుకొచ్చినా 20,000 రూపాయలే.

గట్టు మీద ట్రాక్టరు

ట్రాక్టరు నాలుగు చక్రాల బండి అనేది కంటికి కనిపించే సత్యం. నిలకడ విషయంలో అది మూడు కాళ్ల బండి. ముందు ఇరుసు మధ్యలో ఒకే మేకు మీద ఊగుతుంది. ఎగుడుదిగుడు చేలో నాలుగు చక్రాలూ నేలకు ఆనడానికి ఆ ఏర్పాటు. దాంతో బండిని పక్కకు పడకుండా కాసే ఆధారం దీర్ఘ చతురస్రం కాకుండా, ముందు మేకుకూ వెనక రెండు చక్రాలకూ మధ్య ఏర్పడే త్రికోణం అవుతుంది. బండి బరువంతా కూడినట్టు భావించే బిందువును గరిమనాభి అంటారు. ట్రాక్టరులో అది ఎత్తున ఉంటుంది. మలుపులో పక్కకు నెట్టే బలం వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం రెట్టింపయితే నాలుగింతలవుతుంది. 15 కిలోమీటర్ల వేగంతో సాఫీగా తిరిగిన మలుపులోనే 30తో పోతే బండి బోర్లా పడడానికి కారణం ఇదే.

ట్రాక్టరుకు బ్రేకు పెడళ్లు రెండు. ఎడ్లబండిలో ఒక పగ్గమే లాగితే బండి ఆ పక్కకు మళ్లినట్టు, ఒక పెడలే తొక్కితే ట్రాక్టరు ఆ వైపుకు తిరుగుతుంది. పొలంలో కావలసింది అదే. రోడ్డు మీద వేగంగా పోతూ ఒక పెడలే తొక్కితే క్షణంలో అడ్డం తిరిగి పల్టీ కొడుతుంది. రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లనూ కలిపి బిగించే కొక్కెం వేయాలి. ప్రతి ట్రాక్టరుకూ ఆ కొక్కెం ఉంటుంది, కొన్నిటికి తుప్పు పట్టి కదలదు.

వెనక ట్రక్కు తగిలిస్తే కష్టం రెండింతలు. చాలా ట్రక్కులకు సొంత బ్రేకులుండవు. అయిదారు టన్నుల బరువును రెండు టన్నుల ట్రాక్టరే ఆపాలి. డెల్టా కాలువల మీద పడవలు తిరిగిన రోజుల్లో, వాటికి దారి విడవడానికి వంతెనలు ఎత్తుగా కట్టారు. అలాంటి పాత వంతెనలు ఇరుకు, ఎక్కుడు దిగుడు నిటారు. ఎక్కేటప్పుడు వెనక బరువు లాగడంతో ట్రాక్టరు ముందు చక్రాలు తేలతాయి. ట్రక్కును ఉండవలసిన కొక్కేనికి కాకుండా పైన ఎక్కడో తగిలిస్తే బండి వెనక్కే తిరగబడుతుంది. దిగేటప్పుడు ట్రక్కు ముందుకు తోస్తుంది, ట్రాక్టరు అడ్డం తిరిగి మడతపడుతుంది. వంతెన నెత్తి మీదే చిన్న గేరు వేసుకుని ఇంజను బిగింపుతో దిగాలి. ఆయిలు ఆదాకు న్యూట్రల్‌లో వదలడం ప్రాణాలతో పందెం.

కాలువ గట్టు అంచు నమ్మదగింది కాదు. కాలువ నిండుగా ఉన్నంతసేపు నీటి ఒత్తిడి గట్టు లోపలి వాలును పట్టి ఉంచుతుంది. నీరు ఒక్కసారిగా తగ్గిస్తే గట్టు లోపల నానిన మట్టి బరువు అలాగే ఉంటుంది, ఎదుటి ఆసరా పోతుంది. పైకి పొడిగా కనిపించే అంచు చక్రం పడగానే జారుతుంది. కాలువ లోతు ఎంతో, అంచుకు కనీసం అంత దూరంలో బండి నడపాలన్నది ఇంజినీర్లు చెప్పే మోటు లెక్క. సన్న గట్టు రోడ్డు మీద అది కుదరదు. కుదరనిచోట బరువు బండికి చుట్టు దారే దారి.

ట్రక్కులో మనుషులను ఎక్కించడం చట్టరీత్యా నేరం. కలుపుకూ నాట్లకూ కూలీలను తోలే ట్రక్కుల్లో అది రోజువారీ దృశ్యం. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీలతో పోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో తిరగబడి 15 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. బోల్తాపడిన ట్రక్కు కింద, కాలువ నీళ్లలో ఈత వచ్చినా ప్రయోజనం ఉండదు.

తల మీద తీగలు

రోడ్డుకు అడ్డంగా పోయే కరెంటు తీగలు నిబంధన ప్రకారం మామూలు లైనుకు 5.8 మీటర్లు, 11 కేవీ లైనుకు 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలి. చేల మీద పోయే 11 కేవీ తీగలకు 4.6 మీటర్లు చాలు. వరిగడ్డి నింపిన ట్రక్కు నాలుగున్నర మీటర్లు అవలీలగా దాటుతుంది. చేలోంచి రోడ్డెక్కే ఆ కొద్ది దూరంలోనే గడ్డి తీగకు తగిలి అంటుకునేది. తీగలే తెగి మీద పడే ప్రమాదమూ ఉంది. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిర్చి కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. తీగలు మీద పడి పలువురు చనిపోయారు.

మిషను తీగకు తగిలితే డ్రైవరు సీట్లోంచి కదలకూడదు. మిషనూ మనిషీ ఒకే విద్యుత్ పీడనంలో ఉన్నంతసేపు ఒంట్లో కరెంటు పారదు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టిన క్షణంలో పారుతుంది. నిప్పంటుకుని దిగక తప్పకపోతే, రెండు కాళ్లూ కలిపి మిషనుకు తగలకుండా దూకి, అడుగులు ఎడం పెట్టకుండా జరుక్కుంటూ పోవాలి. తీగ పడిన చోట నేలలో విద్యుత్ పీడనం దూరంతో తగ్గుతూ పోతుంది, రెండు పాదాల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే ఒంటి మీద పడే తేడా అంత ఎక్కువ. దగ్గరికి ఎవరినీ రానివ్వకుండా కరెంటు సంస్థ నంబరు 1912కు ఫోను చేసి లైను తీయించాలి.

బాడుగ లెక్క

ఇక వెడల్పాటి మిషనుకు తోడు మనిషి సంగతి. బ్రిటన్‌లో మూడు మీటర్లు దాటిన వ్యవసాయ యంత్రం రోడ్డెక్కాలంటే సాధారణంగా ముందే పోలీసులకు తెలియజేయాలి, మూడున్నర దాటితే తోడు మనిషి ఉండాలి. డెల్టాలో ఆ ఏర్పాటు ఊళ్లోనే చేసుకోవచ్చు. మిషనుకు ముందొక మోటారు సైకిలు, వెనకొక మోటారు సైకిలు, వాటికి మెరిసే లైటు. ముందు మనిషి వంతెన అవతలి బండ్లను ఆపుతాడు, ఆరబోసిన ధాన్యం దగ్గర రాళ్లు తీయిస్తాడు, తీగ ఎత్తు చూసి చెబుతాడు.

ఇవన్నీ తెలిసీ జరగకపోవడానికి కారణం బాడుగ పద్ధతి. కోత మిషనుకు బాడుగ గంట లెక్కన. కట్టరు విప్పే అరగంట, మళ్లీ తగిలించే అరగంట ఎవరి ఖాతాలోకీ రావు, కాబట్టి ఎవరూ విప్పరు. తుపాను హెచ్చరిక వస్తే తొందర ఇంకా పెరుగుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలా, చేతికొచ్చిన పంట నేలపాలవుతుందన్న భయంలో ప్రతి రైతుకూ మిషను అదే రోజు కావాలి. ఆ భయం న్యాయమైనది. దాని మూల్యం మాత్రం రోడ్డు మీద పోయే వేరొకరు చెల్లిస్తున్నారు.

కనుక బాడుగ మాట్లాడుకునేటప్పుడే రైతులూ మిషను యజమానులూ ఆ గంటను లెక్కలో కలుపుకోవాలి. ఊరు మారడం పగటి పూటే అని ముందే అనుకోవాలి. ఒక రోజు కోతకు వచ్చే ఊళ్లను దారి వరసలో పెట్టుకుంటే మిషను రోడ్డెక్కే సార్లే తగ్గుతాయి. వెనక వచ్చే కారు డ్రైవరు కూడా కాలువ వంతెన దాటేదాకా మిషనును దాటకుండా ఆగాలి. దానికి పట్టేది రెండు నిమిషాలు.